నీళ్ళ బల్ల దగ్గర ఆగిన నీడ

శనివారం వచ్చిందంటే ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది సైకిలు పంపు. ముక్కు పట్టేసినవాడు తుమ్మబోయి ఆగిపోయినట్టుంటుంది దాని చప్పుడు. దానికి మెలకువ వచ్చి అక్క పక్క గదిలోంచే, "ఒరేయ్, వారానికి రెండు రోజులు మనుషులు పొద్దెక్కేదాకా పడుకుంటారట, ఎప్పుడైనా విన్నావా?" అంటుంది. తమ్ముడు చక్రాలు వేలితో నొక్కి చూసుకుంటాడు, సీసాల్లో నీళ్ళు నింపుకుంటాడు, చొక్కా వీపు మీది జేబులో ఒక అరటిపండు దోపుకుంటాడు, చప్పుడు కాకుండా తలుపు తీద్దామని చూసి ప్రతిసారీ చప్పుడు చేసే బయటపడతాడు.

వారమంతా అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఎత్తయిన మేడల్లో, చీకటి గొయ్యిలోకి టార్చి పట్టుకుని దిగి, ఇనప తాళ్ళు తుడిచి, తలుపుల కింద అరిగిపోయిన చక్రాలు మార్చి, ఒళ్ళంతా గ్రీజు పూసుకుని పైకి వస్తాడు. లిఫ్టు ఎక్కడైనా ఆగిపోతే కింద నిలబడి గోడకి చెవి ఆనిస్తాడు, ఏ అంతస్తు దగ్గర ఏం పట్టేసిందో చెప్పేస్తాడు. ఊరంతా అతన్ని లిఫ్టు మేస్త్రీ అనే పిలుస్తుంది. నలభై దాటి నాలుగైదేళ్ళయింది. పెళ్ళి మాట ఒకప్పుడు అనుకున్నారు, కుదరలేదు, తర్వాత ఎవరూ అనుకోలేదు. అక్క కాపురం కూడా అంతంతమాత్రంగానే సాగి ఆగిపోయింది. అప్పట్నుంచి ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటున్నారు. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఎవరికేం కనబడటం లేదో మనిషిని చూడగానే చెప్పగలనని ఆవిడ ధీమా.

శని ఆదివారాల్లో మాత్రం అతను వేరే మనిషి. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి ఆపకుండా చేసే పోటీలంటే అతనికి ప్రాణం. శనివారం సాధన, ఆదివారం పోటీ. పోటీ లేని ఆదివారం వచ్చిందా, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాడు.

ఆ శనివారం వంతెన దగ్గర పళ్ళ డాక్టరు ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి తొక్కుతున్నారు. డాక్టరు గుండ్రటి మనిషి, నవ్వితే తన ఆసుపత్రికి తనే బోర్డులా ఉంటాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, మధ్యాహ్నం ఒక కునుకు, అన్నీ వేళకి అందుతున్న మనిషి. అందుకే అతని నీడ చక్రం అంచు వదలకుండా బుద్ధిగా వెంట వస్తుంది.

"రేపటి సంగతి విన్నావా?" అన్నాడు డాక్టరు, ఎత్తు సగం ఎక్కాక, రొప్పుతూ.

"ఏ సంగతి?"

"మన నీళ్ళ మేడమ్ వెళ్ళిపోతోందట. ఎగువన జలాశయం ఉంది చూడు, అక్కడి ల్యాబుకి వేశారు. సోమవారం చేరాలట. ఈ ఊళ్ళో రేపటి బల్లే ఆఖరుది."

లిఫ్టు మేస్త్రీ గేరు మార్చబోయి తప్పు గేరు వేశాడు. గొలుసు కరకరలాడి ఊడి వేలాడింది. గొలుసు ఎక్కించడానికి అతనికి రెండు వేళ్ళు చాలు. ఆ రోజు రెండు చేతులూ నల్లబడేదాకా పట్టింది.

"ఆవిడ నీకేమంటుంది?" అన్నాడు తల ఎత్తకుండా. "కప్పు చేతికిచ్చేటప్పుడు."

"నాకా? 'కప్పు డబ్బాలో వెయ్యండి' అంటుంది. ఏం?"

"ఏం లేదు, ఊరికే."

అతనికి మాత్రం ఆవిడ "మెల్లగా" అంటుంది.

నీళ్ళ మేడమ్ ఊరి తాగునీళ్ళని పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తుంది. రోజూ ఒక్కో వీధి కొళాయి నుంచి సీసాల్లో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, రంగు చూసి, బాగుందో లేదో చెప్పడం ఆవిడ పని. పోటీలు మొదలైనప్పుడు పరుగుదారిలో నీళ్ళ బల్ల ఎవరు పెడతారని అడిగితే చెయ్యెత్తింది ఆవిడొక్కతే. బస్సు డిపో గోడ మలుపు తిరిగే చోట, తెల్ల బల్ల మీద కాగితం కప్పులు బారులు తీర్చి నిలబడుతుంది. పరుగు నాలుగు చుట్లు. చుట్టుకొకసారి లిఫ్టు మేస్త్రీ ఆ మలుపు తిరుగుతాడు, చెయ్యి చాస్తాడు, ఆవిడ కప్పు అందిస్తూ "మెల్లగా" అంటుంది, అతను "థాంక్స్" అంటాడు. అంతే. కళ్ళు మూసి తెరిచేలోపు మలుపు దాటిపోతాడు. మూడేళ్ళుగా వాళ్ళిద్దరి పరిచయం మొత్తం ఇంతే.

ఆ ఒక్క మాట అతను వారమంతా దాచుకుని వాడుకుంటాడు. లిఫ్టు గొయ్యిలో అడుగున నిలబడి, పైన ఎవరూ లేరని చూసుకుని, "మెల్లగా" అని తనే అంటాడు. గొయ్యి ఆ మాటని అంతస్తు అంతస్తుకీ అప్పజెప్పుకుంటూ పైదాకా తీసుకెళ్తుంది. ఆవిడ గొంతులా ఉండదు. అయినా వింటాడు. ఆవిడకి కుడి చేతి చూపుడు వేలు మీద ఏదో మందు పడి మరక ఉందని అతనికి తెలుసు. ఎక్కడుంటుందో, ఏం తింటుందో, ఇంట్లో ఎవరున్నారో ఏమీ తెలియదు. ఆవిడంటే ఇష్టమని మాత్రం తనకి బాగా తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదు.

డాక్టరు దగ్గర సెలవు తీసుకుని, ఇంటికొచ్చి సైకిలు గోడకి ఆనించి, దిగిన కాళ్ళతోనే అలవాటు కొద్దీ ఊరి చుట్టూ పరుగు తీశాడు. సైకిలు దిగగానే పరిగెత్తితే కాళ్ళు మనవి కానట్టుంటాయి, కొయ్యకాళ్ళేసుకుని తిరిగినట్టుంటుంది. ఆ అలవాటు చేసుకోవడమే ఈ సాధనలో సగం. ఇల్లు చేరేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాడు. మనిషొచ్చాడు గానీ నీడ రాలేదు.

"తలుపు వేసెయ్యనా, ఉంచనా?" అంది అక్క వంటింట్లోంచి.

"ఉంచు. వస్తుంది."

"ఎక్కడ దిగబడిందో మళ్ళీ?"

"డిపో మలుపు దగ్గరే ఉండుంటుంది. దాహమేస్తోందేమో దానికి."

అక్క గరిటె పట్టుకునే బయటికి వచ్చి తమ్ముడి మొహంలోకి చూసింది. "దాహమా?"

"మరి ఎప్పుడూ నీళ్ళ బల్ల పెట్టే చోటే ఎందుకు ఆగుతుంది? పోయినసారి దానికోసమని చుట్టుకి రెండేసి కప్పులు తాగాను. కడుపు నిండింది గానీ అది కదల్లేదు. డాక్టర్ని అడిగితే, 'నీడలకి నోరు ఉండదు, నా వల్ల కాదు' అన్నాడు."

"గోడకి చెవి పెట్టి ఎవరెవరి లిఫ్టులు ఎక్కడ ఆగాయో చెప్తావు గదరా!" అంది అక్క. ఇంకా ఏదో అనబోయి, కూర మాడుతున్న వాసన రావడంతో లోపలికి పరిగెత్తింది.

గబగబా పరిగెత్తేవాళ్ళకి నీడ వెనకబడటం మామూలే. ఈతలోనూ సైకిలు మీదా పెద్దగా తేడా రాదు గానీ పరుగులో వస్తుంది. నాలుగడుగులు కొందరికి, నాలుగు వీధులు కొందరికి. పోటీలవాళ్ళు అందుకే ఒక నియమం పెట్టారు. మనిషి ఎంత ముందొచ్చినా సరే, అతని నీడ మిట్టమధ్యాహ్నం లోపు గీత దాటితేనే లెక్క. నీడ దానంతట అదే రావాలి. తీసుకురావడానికి మనిషి గీత దాటి వెనక్కి వెళ్ళాడా, అతని పరుగు రద్దు. మధ్యాహ్నం అని ఎందుకు పెట్టారంటే, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి నీడలన్నీ కాళ్ళ కిందికి ముడుచుకుంటాయి. సొంత మనిషి దగ్గర లేని నీడ పక్కన ఎవరి కాళ్ళుంటే వాళ్ళ కిందికి దూరుతుంది, ఎవరూ లేకపోతే ఎండ మళ్ళేదాకా ఉన్నచోటే ముడుచుకుంటుంది. ఒకసారి దూరాక లాగడం ఎవరి తరమూ కాదు. పాత బజారులో సైకిలు షాపాయన నీడ ఏనాటినుంచో ఇస్త్రీ ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఎదురుపడితే ఆయన ముందు నీడని పలకరించి, తర్వాత ఆవిడని పలకరిస్తాడు.

లిఫ్టు మేస్త్రీకి తన ఈడు వాళ్ళలో ఎదురులేదు. మూడేళ్ళుగా గీత దగ్గరికి ముందొచ్చేది అతనే. అయితే ఒక్కసారి కూడా మొదటివాడని పిలిపించుకోలేదు. నీళ్ళ మేడమ్ బల్ల మడిచి సర్దుకునేటప్పుడు, "పో పో, మీ ఆయన చూస్తుంటాడు" అని తరిమితే, ఆ నీడ ఈడ్చుకుంటూ, పోటీలు నడిపే డ్రిల్లు మాస్టారు గీత దగ్గరి తాడు చుట్టేసే వేళకి వచ్చేది. ఆయన ఒకప్పుడు బళ్ళో పిల్లల చేత కసరత్తు చేయించిన మనిషి. ఉద్యోగం మానేసినా మెళ్ళో ఈల మానలేదు. "అయ్యో, కొద్దిలో తప్పిపోయింది" అని నిజంగానే బాధపడేవాడు గానీ నియమం దగ్గర మాత్రం వెంట్రుకవాసి కూడా జరగడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి బహుమతుల పీట మీద మొదటి మెట్టెక్కి నిలబడాలని లిఫ్టు మేస్త్రీ కోరిక. ఎవరికీ కష్టంలేని చిన్న కోరిక.

నీడ ఎండ మళ్ళాక వచ్చింది. మెట్టు మీద అతని పక్కన చతికిలబడింది. అతను దాని వంక చూశాడు. "రేపొక్కరోజు నా మాట విను" అన్నాడు. "రేపు ఆవిడ ఆఖరి రోజు." ఏ మాటకి ఏ మాట అతికించాడో అతనికే తెలియలేదు.

ఆదివారం చెరువు మీద పొగమంచు ఇంకా విడలేదు. రబ్బరు టోపీలు పెట్టుకుని అందరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో వణుకుతున్నారు. డ్రిల్లు మాస్టారు ఈల వేశాడు, ఒక్కసారిగా అంతా నీళ్ళలో పడ్డారు. ఎవడిదో మడమ లిఫ్టు మేస్త్రీ ముక్కుకి తగిలింది, అతని మోచెయ్యి ఇంకెవరికో తగిలింది. చెరువు మధ్య తేలుతున్న ఎర్ర డబ్బా చుట్టూ తిరిగి, ఒడ్డుకొచ్చి, తడికాళ్ళతో సైకిలు దగ్గరికి పరిగెత్తి, టోపీ తీసి హెల్మెట్ పెట్టుకున్నాడు. ఊరి బయట రోడ్డు మీద గాలి ఎదురు కొట్టింది. అయినా ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వచ్చాడు. డాక్టర్ని దాటుతుంటే, "ఇవాళ ఏం తిన్నావయ్యా!" అని అరిచాడతను.

నిజానికి ఏమీ తినలేదు. రాత్రంతా ఒక మాట కూర్చుకుంటూ పడుకున్నాడు. మొదటి చుట్టులో అందామా, నాలుగోదాకా ఆగుదామా? "వెళ్తున్నారటగా" అందామా? "వెళ్ళకండి" అనడానికి తనెవడు? "మీరంటే నాకు" అని మొదలెడితే ఆ వాక్యం పూర్తయ్యేసరికి మలుపు దాటిపోతాడు, మిగతాది డిపో గోడకి చెప్పుకోవాలి.

మొదటి చుట్టు. ఆవిడ బూడిదరంగు చొక్కా చేతులు మడిచి నిలబడింది. కప్పు అందించింది. "మెల్లగా." "థాంక్స్."

రెండో చుట్టు. "మెల్లగా." "థాంక్స్." తన నోటిని తనే తిట్టుకున్నాడు.

మూడో చుట్టు. ఈసారి అనేద్దామని తెగించాడు. నోరు తెరిచాడు. వెనకనుంచి ఎవరో, "దారి, దారి!" అని దూసుకొచ్చారు. "మెల్లగా." "థాం..."

నాలుగో చుట్టు. ఆవిడ కప్పు ఇచ్చింది. ఏమీ అనలేదు. అతని మొహంలోకి ఒక్క క్షణం తేరిపార చూసి, పక్కకి తిరిగి ఖాళీ కప్పులు సర్దుకోసాగింది. అతను మలుపు దాటి చాలా దూరం వచ్చాక గానీ చేతిలో కప్పు నిండుగానే ఉందని చూసుకోలేదు.

తన ఈడు వాళ్ళలో అందరికంటే ముందు గీత దాటాడు. తర్వాత చాలాసేపటికి డాక్టరు వచ్చాడు, కాళ్ళకి అతుక్కుని అతని నీడ వచ్చింది. అక్క తువాలు తెచ్చి తమ్ముడి భుజాల మీద వేసింది.

"నీడ ఏదయ్యా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు, ఎండ వంక చూస్తూ. "ఇవాళైనా వస్తుందా?"

"వస్తుందండీ."

ఎదురుచూశారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, వాళ్ళ వాళ్ళ నీడలు వచ్చాయి. ఎండ ముదిరింది. చెట్ల నీడలు దగ్గరికి జరిగాయి. ప్రతిసారీ ఈపాటికి వీధి చివర ఒక నల్లటి మచ్చ కదులుతూ కనబడేది. ఇవాళ దాని జాడే లేదు. ఆవిడ తరిమి ఉంటుంది, అది లేచి ఉండదు. మధ్యాహ్నమైందంటే ఆవిడ కాళ్ళ కిందికి చేరి ఆవిడతో వెళ్ళిపోతుంది. ఆ మాట తట్టగానే మొదట వచ్చింది భయం కాదు, అసూయ. తన నీడని చూసి తను కుళ్ళుకోవడం అతనికే సిగ్గేసింది.

"అది దాహానికి ఆగలేదురా" అంది అక్క, మెల్లిగా, పక్కవాళ్ళకి వినబడకుండా. "ఇన్నేళ్ళుగా నువ్వు ఆగలేని చోట అది ఆగుతోంది. పో."

"గీత దాటితే రద్దే" అన్నాడు డాక్టరు. తర్వాత తల గోక్కున్నాడు. "నువ్వు రద్దయితే మొదటివాణ్ణి నేనవుతాను. కాబట్టి ఈ మాట నేననకూడదు. అయినా అంటున్నా, పోవయ్యా బాబూ."

లిఫ్టు మేస్త్రీ పీట వైపు చూశాడు. మొదటి మెట్టు మీద ఎవరో నీళ్ళ సీసా మర్చిపోయారు. భుజం మీది తువాలు తీసి అక్కకిచ్చి, గీత దాటి వెనక్కి నడిచాడు. వెనక ఈల వినబడింది, నిజంగా బాధపడుతూ వేసిన ఈల.

పరిగెత్తే దారిని అతనెప్పుడూ నడిచి ఎరగడు. కాళ్ళు పరిగెత్తే స్థితిలో లేవు కాబట్టి నడిచాడు. దారిలో ఒక ఇంటి కిటికీలో కుట్టుమిషన్ ఉందని, డిపో గోడ మీద పాత పోస్టర్లు పొరలు పొరలుగా ఊడుతున్నాయని మొదటిసారి చూశాడు. మలుపు తిరిగాడు.

బల్ల మడిచేసి ఉంది. రోడ్డు పక్కన ఆఫీసు జీపు ఆగి ఉంది, వెనక సీటులో ఒక పెట్టె, ఒక మడత కుర్చీ, గాజు సీసాల బుట్ట. నీళ్ళ మేడమ్ గోడ పక్క రాతి మీద కూచునుంది. ఆవిడ కాళ్ళ దగ్గర ఆవిడ నీడ, దాని పక్కనే మోకాళ్ళు దగ్గరికి తీసుకుని అతని నీడ.

"ఎంత పొమ్మన్నా పోవడం లేదండీ" అంది ఆవిడ లేచి నిలబడుతూ. "మీ పోటీ పాడైంది."

"పోనివ్వండి."

ఇద్దరూ కాసేపు నీడల వైపే చూస్తూ నిలబడ్డారు. అదే వీలుగా ఉంది.

"మీకు చెప్పిందనే అనుకున్నాను" అంది ఆవిడ.

"ఎవరు?"

"ఇదే. మీరు వెళ్ళిపోయాక ప్రతిసారీ ఇది ఇక్కడే కూచుంటుంది. ఊరికే కూచోబెట్టడం ఎందుకని మాట్లాడేదాన్ని. మా అమ్మ సంగతి, ఆఫీసు సంగతి, ఇంట్లో ఒక్కదానికీ వండుకోబుద్ధి కాదని, అన్నీ. నీడకి చెబితే మనిషికి చెప్పినట్టే కదా అనుకున్నాను." చూపుడు వేలి మీది మరకని బొటనవేలితో రుద్దుకుంది. "పోయినసారి ఒక మాట అడిగాను కూడా. 'ఎగువకి వేస్తామంటున్నారు, వెళ్ళనా ఉండనా' అని. ఇవాళ మీరొచ్చి చెబుతారని చూశాను. మూడు చుట్లూ థాంక్స్ అనేసి వెళ్ళిపోయారు. సరే, ఇదే జవాబనుకున్నా."

లిఫ్టు మేస్త్రీ తన నీడ వంక చూశాడు. మూడేళ్ళుగా ఆవిడ తనతో మాట్లాడుతూనే ఉంది. తను ఇంటికెళ్ళి తలుపు తీసి పెట్టి, నీడ రాగానే లోపలికి రమ్మని, దాన్ని ఒక్క మాటా అడగకుండా పడుకున్నాడు.

"నాకు తెలియదండీ" అన్నాడు. "నేను... దాహమేస్తోందనుకున్నాను దానికి."

"దాహమా?" ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నీళ్ళు కావాల్సినవాళ్ళు కప్పు తీసుకుని పోతారండీ. కూచోరు."

"మీరు వెళ్ళొద్దు" అన్నాడు. రాత్రంతా కూర్చుకున్న మాటల్లో మిగిలింది ఈ రెండే.

"సంతకం పెట్టేశాను. రేపు చేరాలి. ఊరంతటి నీళ్ళూ అక్కణ్ణుంచే వస్తాయి, చూసేవాళ్ళు లేరు." ఆవిడ జీపు వైపు చూసింది. "వెళ్ళాల్సిందే."

డ్రైవరు హారన్ కొట్టాడు. సరిగ్గా అప్పుడే సూర్యుడు నెత్తికెక్కాడు. లిఫ్టు మేస్త్రీ నీడ లేచి, ఒక్కసారి కూడా అతని వంక చూడకుండా, ఆవిడ చెప్పుల కిందికి చేరి ముడుచుకుంది. అక్కడ చోటు నిండిపోయింది. ఆవిడ నీడ ఎటు పోవాలో తెలియక కాసేపు తచ్చాడింది. తర్వాత మొహమాటంగా నాలుగడుగులు వేసి, అతని బూట్ల కిందికి వచ్చింది. అరికాళ్ళకి చల్లగా తగిలింది.

"జాగ్రత్తగా చూసుకోండి" అంది ఆవిడ. ఏ నీడ గురించో చెప్పలేదు.

జీపు కదిలింది. దుమ్ము సర్దుకునేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. ఇంతకాలమూ తనే ముందు వెళ్ళిపోయేవాడు. వెనక నిలబడ్డవాళ్ళకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో ఉంది. తమ్ముణ్ణి చూసింది, మెట్ల మీద పడ్డ నీడని చూసింది. జుట్టు ముడి, సన్నటి మెడ, మోచేతి దాకా మడిచిన చేతులు. అక్క గబగబా కొంగుతో మెట్టు తుడిచింది.

"రామ్మా, లోపలికి రా" అంది నీడతో. "ఇల్లు కాస్త చిందరవందరగా ఉంది, ఏమీ అనుకోకు."

వారమంతా అతను ఆ నీడతోనే పనికి వెళ్ళాడు. లిఫ్టు గొయ్యిలో టార్చి వెలిగిస్తే గోడ మీద ఆవిడ. అతను పానా తిప్పితే ఆవిడ చెయ్యి తిరిగేది. మొదటి రోజు అతను సిగ్గుపడి టార్చి ఆర్పేశాడు, చీకట్లో వేలు నలిగింది. రెండో రోజు నుంచి మాట్లాడటం మొదలెట్టాడు. ఈ తాడు మార్చాలని, ఈ మేడలో పైవాళ్ళు తలుపు సరిగ్గా మూయరని, తనకి వంట రాదని, వచ్చినా ఒక్కడికీ వండుకోబుద్ధి కాదని. మూడేళ్ళ బాకీ అంతా తీర్చేద్దామన్నట్టు చెప్పాడు. ఆవిడ లేకపోవడం మాత్రం చెప్పినకొద్దీ పెరిగింది. నీడ ఎంత దగ్గరగా ఉన్నా "మెల్లగా" అనలేదు.

శనివారం పంపు చప్పుడైంది. అక్క పక్క గదిలోంచి ఏమీ అనలేదు. వంతెన దగ్గర డాక్టరు చెయ్యూపాడు, మొదటి బహుమతి తాలూకు పతకం ఇంకా మెళ్ళోనే ఉంది, సిగ్గుపడి చొక్కాలోకి తోసుకున్నాడు. లిఫ్టు మేస్త్రీ ఎప్పటిలా ఎడమకి తిరగబోయాడు.

నీడ కుడికి తిరిగింది.

పొద్దున ఎండ అతని ఎదురుగా ఉంది. నీడ వెనక పడాలి. అది మాత్రం చక్రానికి ముందు, ఎగువకి వెళ్ళే రోడ్డు మీద, అతన్ని దాటి పరుగెడుతోంది. ఇన్నేళ్ళలో నీడ అతనికంటే ముందు వెళ్ళడం ఇదే మొదలు. దాని వెనకాలే తొక్కాడు. ఎత్తులు వచ్చాయి, గాలి ఎదురు కొట్టింది, తొడలు మండాయి, సీసాలు ఖాళీ అయ్యాయి. తొందరపడమని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

జలాశయం గట్టు కింద, పచ్చరంగు తలుపున్న చిన్న ఇల్లు. అరుగు మీద అతని నీడ కాళ్ళు చాపుకుని కూచునుంది, సొంతిల్లయినట్టు. దాని వెనకాల తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిలో గ్లాసు ఉంది. కాగితం కప్పు కాదు, నిండా నీళ్ళున్న గాజు గ్లాసు.

అతను పెడలు నుంచి బూట్లు విడిపించుకుని దిగాడు. సైకిలు గోడకి ఆనించాడు. బూట్లు విప్పాడు. గ్లాసు అందుకుని, ఎప్పుడూ చేయని పని చేశాడు. అరుగు మీద కూచున్నాడు.

"మెల్లగా" అంది ఆవిడ, పక్కన కూచుంటూ.

"థాంక్స్ అనను" అన్నాడు. "అంటే కాళ్ళు వాటంతట అవే పరిగెడతాయి."

ఆ సాయంత్రం ఊళ్ళో, అక్క దీపం వేసి వీధి చివరిదాకా చూసింది. మనిషీ రాలేదు, నీడా రాలేదు. ఇద్దరూ ఒకే చోట ఆగిపోవడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఇంకెవరూ వెనకబడి రావాల్సింది లేదని, ఆవిడ హాయిగా తలుపు వేసేసుకుంది.